మిగతా మాటలు ఎటు పోయాయి?

నర్సు పనిలో చేతి కంటే ముందు చెవి పనిచేయాలని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు చెబుతుంటాను. వాళ్ళు మర్యాదకు తలూపుతారు. నాకూ ఈ మాట ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. ఎనభైలలో ఆర్మూరు సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు, నాకు రాని భాషలో గలగలా మాట్లాడిన ఒకావిడ వల్ల తెలిసింది. ఆ సంగతే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందులో కొందరు ఇంకా ఉన్నారు, కొందరు పోయారు. పేరు రాస్తే ఇద్దరికీ ఇబ్బందే.

చలి తగ్గుముఖం పట్టేసరికి ఆర్మూరు చుట్టూ పసుపు తవ్వకాలు మొదలయ్యేవి. ఊళ్ళలో మనుషులు చాలక నాందేడు వైపు నుంచి కూలీలు గుంపులుగా దిగేవారు. నందిపేట్ రోడ్డు పక్కన చేలల్లో గుడిసెలు వేసుకొని ఎండలు ముదిరేదాకా ఉండేవారు. తవ్వడం, కొమ్ములు విరవడం, పెద్ద పెద్ద కడాయిల్లో ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబోయడం అంతా వాళ్ళ చేతుల మీదే జరిగేది. దవాఖానకు వచ్చేసరికి వాళ్ళ అరచేతులు, పాదాలు, చీర అంచులు అన్నీ పసుపే. ఆ నెలల్లో మా బెంచీలూ పసుపెక్కేవి. కామెర్లు ఉన్నాయేమో చూడాలంటే మా డాక్టరుగారు గోళ్ళ జోలికి పోకుండా కళ్ళే చూసేవారు.

ఆ గుంపును తీసుకొచ్చే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నడివయసు మనిషి. మరాఠీ ఆయన ఇంటి భాష, తెలుగు మాలాగే మాట్లాడేవాడు. గుడిసెల్లో ఎవరికి సుస్తీ చేసినా పని వదులుకొని వెంట వచ్చేవాడు. చీటీ రాయించేవాడు, వాళ్ళ మాట మాకు, మా మాట వాళ్ళకు చెప్పేవాడు. మంచి మనిషి. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇక ముందు చదువుతూ పోతే మీకు ఆయన మీద కోపం రావచ్చు.

ఒకరోజు ఆయన ఒక పడుచావిడను తీసుకొచ్చాడు. ముంజేతి మీద ఉడుకు నీళ్ళు పడి బొబ్బలెక్కింది, జ్వరం కూడా ఉంది. నేను కట్టు కడుతుంటే ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. చెయ్యి చూపించింది, కడుపు చూపించింది, తలమీద కొట్టుకుంది, ఎటో దూరంగా వేలు చూపించింది, మధ్యలో నవ్వింది కూడా. కట్టు పూర్తయ్యేదాకా మాట ఆగలేదు. నేను మేస్త్రీ వైపు చూశాను.

"జరమొచ్చింది, గోలీలియ్యిండ్రి," అన్నాడు.

"గంతసేపు మాట్లాడె, గింతేనా?" అని అడిగాను.

"మిగిలినయి ఆడోళ్ళ ముచ్చట్లు సిస్టరమ్మా. మీకెందుకు గవన్ని?"

ఆవిడ గోలీలు తీసుకొని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా అదే ధ్యాస. బుట్టెడు మాటలు పోస్తే గుప్పెడు బయటికి వచ్చాయి. మిగతావి ఎటు పోయాయి?

నా సంశయం డాక్టరుగారితో చెప్పాను. గోదావరి జిల్లాల నుంచి వచ్చినాయన. పనిలో నిక్కచ్చి, మాటలో సూటి. మధ్యాహ్నం ఓపీ అయిపోయాక వరండాలో చాయ్ తాగుతూ ఏ విషయమైనా వాదించుకునే అలవాటు మాకుండేది. వచ్చే కూలీల కోసం మరాఠీ వచ్చిన మనిషిని ఒకరిని పెట్టమని పైవాళ్ళకు రాద్దామా అని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఇక్కడ మనం మరాఠీలో చెబుతాం సిస్టర్. బస్సులో కండక్టరు చెబుతాడా? పోలీసు స్టేషన్లో చెబుతారా? తెలుగు నేర్చుకోమనడమే వాళ్ళకు మేలు. పైగా సగం భాష వచ్చిన మనిషి చెప్పే మాట, భాష రానివాడి మౌనం కంటే ప్రమాదం."

"వాళ్ళు నేర్చుకునేదాంక జరం ఆగదు గద సార్," అన్నాను.

కాంపౌండరు మధ్యలో కల్పించుకొని అసలు ఈ గొడవే అనవసరమన్నాడు. ఉర్దూ ఇటూ తెలుసు, అటూ తెలుసు, సుబహ్‌కొకటి షామ్‌కొకటి అని, అంటే పొద్దునొకటి సాయంత్రమొకటి అని చెబితే ఎవరికి అర్థం కాదు అన్నది ఆయన వాదన. అందులోనూ నిజం లేకపోలేదు. కానీ ఆ ఉర్దూ మగవాళ్ళకు బజారులో అబ్బింది. ఆడవాళ్ళకు అంతగా రాదు.

డాక్టరుగారికి నేనొక సంగతి గుర్తుచేశాను. ఆయన కొత్తగా వచ్చినప్పుడు ఒక ముసలమ్మ "పానం మంచిగ లేదు, బుగులైతంది" అంటే, ఏం తాగావని అడిగారు. పానం అంటే ప్రాణమనీ బుగులంటే భయమనీ మా ఆయమ్మ పక్కన నిలబడి తెలుగుకు తెలుగు చెప్పింది. ఆయన నవ్వేశారు. "అందుకే కదా సిస్టర్ నేను నేర్చుకున్నాను? ఆవిడ నా కోసం మా ఊరి భాష నేర్చుకోలేదుగా," అన్నారు.

దానికి జవాబు ఆయమ్మ ఇచ్చింది, అదీ ఆయన వెళ్ళిపోయాక. ఆమె తమ్ముడు మస్కట్‌లో పనికి పోయి అక్కడ దవాఖానలో పడ్డాడట. వాడికి అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు. ఒక మలయాళీ నర్సు "నొప్పి యాడ?" అని అడిగిందట. ఎవరి దగ్గర నేర్చుకుందో, తెలుగులో ఆమెకు వచ్చిన మాటలు అంతే. "గా రెండు మాటలకే ఏడ్సిన అక్కా అన్నడు," అని చెప్పి ఆయమ్మ కప్పులు తీసుకొని వెళ్ళింది.

ఆ ఆదివారమే నేను మరాఠీ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

గురువును వెతుక్కోనక్కర లేకపోయింది. నేను అద్దెకుండే ఇంటి పెద్దావిడ ఆరె భాష, అంటే ఇక్కడి పాత మరాఠీ, మాట్లాడే కుటుంబంలో పుట్టింది. తాతల కాలంలో మరాఠీ దేశం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మనవలకు ఆ భాష రాదు, కోడళ్ళకు నచ్చదు. "నా భాష వంటింటి గడప దాటది బిడ్డా, నీకెందుకు?" అంది మొదట. కానీ నేను పక్కన కూర్చొని కూరగాయలు తరుగుతూ ఒక్కొక్క మాట అడుగుతుంటే ఆమె మొహం విప్పారేది. కడుపును పోట్ అంటారు. మనకు పోటు అంటే నొప్పి, వాళ్ళకు నొప్పి వచ్చే చోటు. కన్ను డోళా. ఇట్లాంటివి వింటే నాకు చిన్నపిల్లలా సంబరంగా ఉండేది. పక్కపక్క ఇళ్ళవాళ్ళు గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నట్టు, ఈ రెండు భాషలూ మాటలు ఇచ్చిపుచ్చుకొని, ఎవరి గిన్నెలో ఏం వండుకోవాలో వాళ్ళే వండుకున్నట్టు అనిపించేది.

నవ్వొచ్చే సంగతులూ జరిగాయి. ఒక కూలీ మనిషిని గోలీ వేసుకున్నావా అని ఆయమ్మ అడిగితే, ఆవిడ "గోళీ ఆత్తా ఘేత్లీ" అంది. ఆయమ్మ పరుగున వచ్చి, "సిస్టరమ్మా, మనమిచ్చిన గోలీ ఆమె అత్త మింగిందట," అని చెప్పింది. వెంట వచ్చిన అత్తను పిలిచి, నీకేం రోగమని మింగావని కాంపౌండరు ఉర్దూలో కోప్పడ్డాడు కూడా. ఆత్తా అంటే మరాఠీలో ఇప్పుడే అని అర్థం. ఆ మాట నాకప్పటికే తెలుసు గనుక ఆ ముసలామె బతికిపోయింది.

ఆ మధ్య గుడిసెల దగ్గరికి పిల్లలకు టీకాలు వేయడానికి వెళ్ళినప్పుడు నా మరాఠీని బయటికి తీశాను. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకొని పకపకా నవ్వారు. మేస్త్రీని అడిగితే, "తప్పేం లేదమ్మా, మా ముత్తవ్వ లేచొచ్చినట్టున్నది," అన్నాడు. నేను నేర్చుకున్నది తాతల నాటి భాషని అప్పుడు అర్థమైంది. అయినా నవ్విన తర్వాత వాళ్ళు నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. చేతికి బొబ్బలెక్కిన ఆవిడ కూడా వచ్చింది. చెయ్యి మానింది. ఆమెకు ఇద్దరు కొడుకులని తెలిసింది. మా వైపు రైతు ఇంటి ఆడవాళ్ళ దగ్గర తనూ తెలుగు మాటలు ఏరుకుంటున్నట్టుంది, "కూసో" అని నాకు గోనెసంచి వేసింది.

నిజం చెప్పాలంటే మేస్త్రీ అన్నది చాలావరకు ఒప్పే. వాళ్ళ మాటలు కొద్దికొద్దిగా తెలిసే కొద్దీ, వైద్యానికి పనికొచ్చేవి అందులో ఏవీ ఉండవని తేలింది. కడుపు నొప్పి అని మొదలుపెట్టి, ఆ నొప్పి ఏ పెళ్ళిలో తిన్న అన్నంతో వచ్చిందో, ఆ పెళ్ళికి ఎవరు రాలేదో, రానందుకు ఎవరు అలిగారో చెప్పుకుంటూ పోయేవారు. మేస్త్రీ పొల్లు చెరిగి గింజ ఇస్తున్నాడనే అనుకున్నాను. నా ఆరాటం చూసి నాకే నవ్వొచ్చింది.

అట్లా అనుకుంటున్న రోజుల్లోనే మా దవాఖానలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు వచ్చింది. ఈ తరం వాళ్ళకు ఆ హడావిడి తెలియదు. ఏటా ఇన్ని ఆపరేషన్లని పైనుంచి చెప్పేవారు. నిజామాబాద్ నుంచి సర్జన్‌గారు, ఒక లేడీ డాక్టరు వచ్చారు. వరండా నిండా చాపలు పరిచి ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టాం. పేరు, ఊరు, పిల్లలెందరు, మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఇష్టమేనా అని అడిగి వేలిముద్ర వేయించుకోవడం, సూది వేయడం, లోపలికి పంపడం. గుడిసెల నుంచి వచ్చిన నలుగురిలో ఆ బొబ్బల చెయ్యి ఆవిడ కూడా ఉంది. మేస్త్రీ ఒక్కొక్కరి తరఫున చెబుతున్నాడు. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమె ఆయనతో ఏదో కాసేపు చెప్పింది. ఆయన నేల చూపులు చూస్తూ విని, మా డాక్టరుగారి వైపు తిరిగి, "ఇద్దరు కొడుకులు, ఆమె పెనిమిటికి ఇష్టమే, తయారున్నది సార్," అన్నాడు.

నేను ట్రే పట్టుకొని వరస దాటుతుంటే ఆమె నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. "దోన్ మహినే ఝాలే, పాళీ ఆలీ నాయ్," అంది.

పాళీ అన్న మాట నాకు తెలుసు. మా ఇంటి పెద్దావిడ దాన్ని రోజూ వాడేది. ఈ పూట నీళ్ళు తోడే పాళీ పెద్దకోడలిది, రేపు చిన్నకోడలిది అని. తెలుగులోనూ పాళి అంటే వంతే కదా. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా కూర్చున్న మనిషి, తన వంతు ఇంకా రాలేదని అడుగుతోందనుకున్నాను. నాకు మరాఠీ మాట అర్థమైందన్న సంతోషం ఒకటి.

"యేఈల్, యేఈల్. థాంబ్," అన్నాను. వస్తుంది, వస్తుంది, ఆగు అని.

ఆమె నన్ను అదోలా చూసింది. తర్వాత తేలిగ్గా ఊపిరి వదిలి వెనక్కి ఆనుకుంది. నర్సమ్మే వస్తుందని చెబుతుంటే ఇంకేం భయం అనుకున్నట్టుంది.

నేను లోపలికి వెళ్ళాను. సిరంజీలు ఉడుకుతున్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి పెడుతుంటే ఆమె అన్న మొదటి మాట గుర్తొచ్చింది. దోన్ మహినే. రెండు నెలలు. పొద్దున వచ్చి కూర్చున్న మనిషి, వంతు కోసం రెండు నెలల నుంచి చూస్తున్నానని ఎందుకంటుంది? ఆమె చెప్పిన వంతు నెలనెలా వచ్చేదేమో?

పట్టకారు అక్కడే పెట్టి బయటికి వచ్చాను. అప్పటికే ఆయమ్మ ఆమెను లేపి నిలబెట్టింది. ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికేశాను. కానీ ఎట్లా అడగాలి? మా పెద్దావిడ నెలసరి సంగతి ఆ పేరుతో ఎన్నడూ అనేది కాదు. కాకి ముట్టడం అనేది. నేనూ అదే అడిగాను, కాకి ముట్టి ఎన్నాళ్ళైంది అని.

ఆమె మొదట తలుపు వైపు చూసింది, మేస్త్రీ వింటున్నాడేమోనని. తర్వాత తల అడ్డంగా ఊపి రెండు వేళ్ళు చూపించింది.

నేను డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన చేతిలో కాగితాలు, బయట జీపులో ఎవరో అధికారి. "మేస్త్రీ అంతా సరేనన్నాడు కదా సిస్టర్?" అన్నారు. మేస్త్రీని పిలిచారు. ఆమె నీతో ఏం చెప్పిందని నేనే అడిగాను.

మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. "చెప్పింది సార్. పోయిన నెల గూడ రాలేదని చెప్పింది. గింతమంది సిస్టరమ్మల ముందట, మొగోన్ని, గా మాట నేనెట్ల అనాలె? గది పెద్ద ముచ్చటని నాకు తెల్వదు."

డాక్టరుగారు కాగితాలు బల్ల మీద పెట్టి, లేడీ డాక్టరును పిలిపించారు. ఆమె గదిలోకి వెళ్ళి, పరీక్ష చేసి బయటికి వచ్చి తలూపింది. గర్భమే.

ఆ మాట ఆమెకు చెప్పే పని నా మీద పడింది. పోటాత్ లేకరూ ఆహే, కడుపులో బిడ్డ ఉంది అన్నాను. నా మాట మీద నమ్మకం లేక, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని భుజాలు కదిలిపోయేలా ఊగింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. కడాయి ముందు ఆవిరికీ వేడికీ నెల తప్పిందనుకున్నానని తర్వాత చెప్పింది. ఆ రోజు ఆపరేషన్ వద్దని తనే అంది. చాప దులిపి పక్కావిడకు ఇచ్చి, గేటు బయట ఉన్న మొగుడి దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు చాయ్ దగ్గర వాదన మళ్ళీ మొదలైంది. ఈసారి ఇద్దరికీ చెరో ఆధారం దొరికింది.

"మీకు మరాఠీ వచ్చనుకొని ఆమె మీతో చెప్పింది," అన్నారు డాక్టరుగారు. "మీరు వస్తుంది వస్తుంది అని పంపేశారు. మీకు ఒక్క ముక్క కూడా రాకపోతే, సైగ చేసైనా ఇంకెవరికో చెప్పేదేమో. సగం భాష అని నేను అంటూనే ఉన్నాను."

"ఆ సగం లేకపోతే రెండు నెలలన్న మాట నా చెవిల పడకపోవు సార్."

"లేడీ డాక్టరు లోపల చూసేదిగా."

చూసేదేమో. అంత రద్దీలో చూసేదో లేదో నాకు తెలియదు, ఈనాటికీ తెలియదు. కాంపౌండరు ఉర్దూలో అడిగి ఉంటే ఈ గొడవే ఉండేది కాదన్నాడు. సిగ్గు ఉర్దూలో అడిగినా పోదు కదా అని ఆయమ్మ అంది. దాంతో ఆయన తన చాయ్ తను తాగాడు.

ఎవరూ గెలవలేదు గానీ, ఆ రోజు నుంచి డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి ఆడమనిషినీ, ఏ భాష మనిషైనా సరే, తలుపు వేసిన గదిలో ఇంకో ఆడమనిషే అడగాలి. ఒకే సంగతిని రెండు రకాల మాటల్లో అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే ఆయన్ను పిలవాలి. తెలుగు వాళ్ళనూ అట్లా అడగడం మొదలుపెట్టాక మాకు తెలిసిన కొత్త సంగతులు ఇంకో కథ అవుతాయి. మా సొంత భాషలో కూడా ఎన్ని మాటలు అత్తల దగ్గర, మొగుళ్ళ దగ్గర ఆగిపోతున్నాయో అప్పుడు చూశాను.

తొంభైలలో నేను హెడ్ నర్సునయ్యాక, దవాఖానల్లో మరాఠీ బోర్డులు పెట్టాలా వద్దా అని ఒక మీటింగు జరిగితే నన్నూ పిలిచారు. పెట్టాలన్నవాళ్ళు న్యాయం అన్నారు, వద్దన్నవాళ్ళు ఖర్చు అన్నారు. ఇవాళ వీళ్ళకు పెడితే రేపు ఇంకొకరు అడుగుతారన్నారు. వాళ్ళ పిల్లలకు బడిలో ఏ భాష చెప్పాలన్న దాకా పోయింది మాట. నన్ను అడిగితే, బోర్డు పెట్టండి, కానీ నేను చూసిన ఆడవాళ్ళలో దాన్ని చదవగలిగేవాళ్ళు ఎంతమందో లేరు, ముందు తలుపున్న గది ఒకటి ఇవ్వండని చెప్పాను. రాసుకున్నారు. తర్వాత ఏమైందో తెలియదు.

ఆవిడ సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడు పసుపు తవ్వకాలకు ఆ గుంపు మళ్ళీ వచ్చింది. ఒకరోజు ఓపీలో ఆమె కనిపించింది. చంకలో ఆడపిల్ల. మేస్త్రీ వెంట వచ్చాడు గానీ, ఆమె ఏమందో, గేటు దగ్గరే నిలబడిపోయాడు. నేను నా ముత్తవ్వ మరాఠీలో క్షేమం అడిగాను. ఆమె మా ఆర్మూరు తెలుగులో జవాబిచ్చింది. ఇద్దరం పట్టు వదల్లేదు. నేను ఆమె భాషలో తప్పులు మాట్లాడాను, ఆమె నా భాషలో తప్పులు మాట్లాడింది.

డాక్టరుగారి గదిలోకి తీసుకెళ్ళాను. పక్కన నిలబడి తెలుగు చేసి చెబుదామని నోరు తెరిచేలోగా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆగు సిస్టరమ్మా. నేనే చెప్త," అంది. డాక్టరుగారి వైపు తిరిగి, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది. "ముగ్గురు పిల్లలు. సాలు. ఆపరేషన్ నాకే కావాలె, ఎవ్వలు చెప్తే గాదు. గిప్పుడు వద్దు. పసుపు ఉడుకబెట్టుడు అయినంక వస్త. గప్పుడు చేస్తరా?"

తెలుగు నేర్చుకోవాలన్న ఆయన వాదన ఆయన ఎదురుగానే వచ్చి నిలబడింది. ఇక నన్ను చూసి నవ్వుతారనుకున్నాను. ఆయన నా వైపు చూడనేలేదు. కలం మూసి జేబులో పెట్టుకొని, ఆమెతో, "బరం. సావకాశ్ యా," అన్నారు. సరే, నిదానంగా రమ్మని.

ఉచ్చారణ కూడా నాకన్నా బాగుంది. ఎప్పుడు నేర్చుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.